రుద్దకూడని వాపు

వంటింట్లో నువ్వులనూనె వేడెక్కితే చాలు, నాకు హొగేనక్కల్ గుర్తుకొస్తుంది. ఎనభైల్లో ధర్మపురిలో మా ఇంట ఆడి పద్దెనిమిది, అంటే తమిళుల ఆడి నెల పద్దెనిమిదో నాటి ఏటి పండుగ, వచ్చిందంటే హొగేనక్కల్‌లో కావేరి స్నానమే. అమ్మ చీకటితోనే లేచి పులుసన్నం, నిమ్మకాయ చిత్రాన్నం, పెరుగన్నం కలిపి గిన్నెలకు గుడ్డలు కట్టేది. అక్కడికి చేరగానే జలపాతం హోరు, మిరప్పొడి పట్టించి వేయించే చేపల ఘుమఘుమ, బండల మీద మగవాళ్ళను బోర్లా పడుకోబెట్టి నూనెతో మర్దనా చేసేవాళ్ళ అరచేతుల చప్పుడు. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, ఆ మర్దనా మీద ఎంత గురి అంటే, ఏడాది పొడుగునా ఇంట్లో ఎవరికి నడుము పట్టినా కాలు బెణికినా ఆ రోజు దాకా ఓర్చుకోమనేది.

మా తమ్ముడు సీనాకు పుట్టుకతోనే హీమోఫీలియా. దెబ్బ తగిలితే రక్తం ఓ పట్టాన గడ్డకట్టదు, లోపల్లోపలే కారుతూనే ఉంటుంది. అమ్మ పుట్టింటి వైపునుంచి వచ్చిన జబ్బు. పరుగెత్తొద్దని వాణ్ణి కూర్చోబెట్టి పనస తొనలు చేతికి అందిస్తుంటే నాకు ఒళ్ళు మండేది. మొదట్లో ప్లాస్మా ఎక్కిస్తే తగ్గేది. తరువాత వాడి ఒళ్ళే దానిమీద తిరగబడి, ఎక్కించింది ఎక్కించినట్టే చెడగొట్టడం మొదలుపెట్టింది. ఇక వేరే మందే పని చేస్తుందనీ, అది బెంగళూరులో తమ దగ్గరే ఉందనీ, వాపు కనిపిస్తే కాలు కదల్చకుండా మంచు పెట్టి వెంటనే తీసుకురమ్మనీ అక్కడి పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు.

ఆ ఏటి పండుగ నాడు, ఏట్లో తిప్పే గుండ్రటి పుట్టి పడవ దిగుతుంటే సీనా తొడకు దాని అంచు కొట్టుకుంది. మేము తినడం ముగించేసరికి తొడ బిగిసి నున్నగా ఉబ్బింది, వాడి ముఖం పాలిపోయింది. అవ్వ అప్పటికే మర్దనా చేసేవాణ్ణి పిలిచేసింది.

"సుళుకు పట్టిందిలేమ్మే, ఉత్త బెణుకు. రెండు చేతులు వేస్తే దిగిపోతుంది," అంది అవ్వ.

అమ్మ సీనా కాలికి అడ్డంగా కూర్చుంది. అత్తకు ఎన్నడూ ఎదురుచెప్పని మనిషి.

"తాకొద్దత్తా! మా తమ్మునికి ఇట్లే రుద్దినారు. రుద్ది రుద్ది మట్టిలో పెట్టినాము."

ఆ మాట మాలో ఎవరికీ తెలియదు. ఆ మర్దనానే నమ్మి తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఏటా నోరు మూసుకుని ఆ నూనె వాసన మధ్య ఎలా నిలబడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అవ్వ మర్దనా చేసేవాణ్ణి పంపించేసింది. చేపలమ్మే ఆమె దగ్గరికి పోయి పెట్టెలోని మంచుగడ్డలు అడిగి, తన కొత్తచీర కొంగు చించి మూటకట్టి తెచ్చింది. నాయన టాక్సీ మాట్లాడాడు. బెంగళూరు దాకా అవ్వే వాడి కాలు ఒళ్ళో కదలకుండా పట్టుకుని, మంచు మార్చి మార్చి పెట్టింది.

"రేయ్ సీనా, ఏడిస్తే చేపల వాసన నీకే అంటుకొంటుంది చూడు," అని నవ్వించింది కూడా.

మందు ఎక్కింది, వాపు దిగింది. వాడికి కాలూ మిగిలింది, ప్రాణమూ మిగిలింది. ఆ తరువాత అవ్వ ఎవరి ఒంటిమీద వాపు చూసినా ముందు మంచు తెమ్మనేది.

ఇప్పుడు అవ్వ లేదు, అమ్మా లేదు. తమ్ముడు, లోపల రక్తం కారకుండా ముందే కాపాడే కొత్త మందును ఫ్రిజ్‌లోంచి తీసి వారానికోసారి తనే చర్మం కిందికి పొడుచుకుని, టిఫిను తిని, బడికి పాఠం చెప్పడానికి పోతాడు. వాడు మెట్లు దిగుతుంటే ఇంట్లో ఎవరూ తల తిప్పి చూడరు. ఆ ధర్మపురి ఇంటినుంచి పోయినవాటన్నిటికీ బెంగపెట్టుకున్నాను గాని, వాడు అడుగు తీసి అడుగు వేస్తే అమ్మ కళ్ళలో కదిలిన ఆ భయం ఒక్కటి పోయినందుకు మాత్రం ఏ రోజూ బెంగపడలేదు.