ఎక్స్‌రే గదిలో చోటు

ఎక్స్‌రే గది ఆపరేటరు చచ్చినవాళ్లను మళ్లీ చంపుతాడు. సరే, అంత ఘోరం కాదులెండి. వాళ్ల ఫొటోలు తుడిచేస్తాడు, అంతే. ఆయన ముసలి కంప్యూటరు నిండాక ఒక్క ఫొటో కూడా అదనంగా దాచదు, దాచినదాన్ని బయటికి ఇవ్వదు. కొత్త మనిషి రావాలంటే పాత మనిషి పోవాల్సిందే. అందుకని బతికున్నవాళ్ల జోలికి పోకుండా, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఏదో గొణుక్కుంటూ, పోయినవాళ్లను ఒక్కొక్కరినే సాగనంపుతాడు. ఒకరోజు ఎంత వెతికినా పోయినవాళ్లలో ఆయన భార్య ఒక్కతే మిగిలింది. కంపెనీకి ఫోను చేశాడు.

“ఒక్కదానికి చోటు చూడమ్మా.”

“ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి సార్.”

“పొద్దుట్నించీ అదే పని. స్విచ్చి అరిగిపోయింది తల్లీ.”

“అయితే పాతదొకటి తీసేయండి సార్. ఇంకేమైనా సహాయం కావాలా?”

గుమ్మంలోంచి నర్సు కేకేసింది: “బాబాయ్, ఈయన దగ్గలేక చస్తున్నాడు!”

ఆపరేటరు తెర మీద తన భార్య పక్కటెముకల వంక కాసేపు చూశాడు. తర్వాత, డాక్టరుకింకా చూపించని తన సొంత ఫొటోను, ఊపిరితిత్తి మీది మచ్చతో సహా తుడిచేసి, “రానీ” అన్నాడు.

సాయంత్రం నర్సు నిలదీసింది. “నీ ఫొటో ఏది బాబాయ్? ఆ మచ్చ డాక్టరుగారికి చూపిస్తానన్నావుగా?”

“మచ్చేంటి? నాకు ఫొటో ఎవరు తీశారే? కలగన్నావు.”