సుక్క సొర

పెందుర్తిలో మేముండే అపార్టుమెంటు కిందికి ఆదివారం పూట ఒకావిడ గంపలో ఎండు నెత్తళ్ళు తెచ్చి అమ్ముతుంది. ఆ వాసన మూడో అంతస్తుకు ఎక్కేసరికి పక్కింటివాళ్ళు ముక్కు మూసుకుంటారు గానీ నేను తలుపు బార్లా తీసి నిలబడతాను, ఎందుకంటే విశాఖ ఒడ్డున ఇసుకలో ఆరేసిన వలలూ, బోర్లించిన పడవలూ, ఆ పడవల నీడన గౌను నిండా ఇసుకతో కూర్చున్న మా చెల్లెలు నూకాలూ ఆ వాసనతోనే మెట్లెక్కి వస్తారు. కాసేపటికి ఏడుపు ఆగదు, తలుపేసుకుంటాను.

అప్పుడు నాకు పదేళ్ళు, దానికి ఏడు. అమ్మ చేపలమ్మేది. అమ్ముడుపోనివి మధ్యాహ్నం వాకిట్లో కత్తిపీట ముందేసుకుని కోస్తుంటే మేమిద్దరం చెరోపక్క చేరి, ఇవి మొప్పలు, ఇది గాలితిత్తి, ఇది గుడ్ల జన అని వేలు పెట్టి చూసేవాళ్ళం. ముసురు పట్టిన రోజుల్లో కవ్వళ్ళ చేపల పులుసు కుతకుతలాడేది, నూకాలమ్మ పండక్కి బూరెల కోసం బెల్లం ఉడుకుతుంటే ఆ తీపి వాసన చేపల నీసులో కలిసిపోయేది, ఇప్పటికీ బూరె కొరికితే నాకు కొంచెం నీసు తగులుతుంది. అట్లాంటి ఒక మధ్యాహ్నం అమ్మ చేప పక్కన తోక దాకా పారిన సన్నగీత చూపించి, "దీంతోనే ఇంటాదే సేప" అంది. గీతతో వినే చేప అన్న ఆ మాట పట్టుకుని నేనొక జంతువును పుట్టించాను. చుక్కల్లోంచి జారి మన సముద్రంలో పడిన సొరచేప. సుక్క సొర.

దానికి కళ్ళు లేవు. ఒంటికి రెండు పక్కలా గీతల నిండా చెవులే. ఉప్పునీళ్ళలో ఉన్నంతసేపూ మొప్పలతో, ఇసుక మీద పాకేటప్పుడు గాలితిత్తితో బతుకుతుంది. పళ్ళు ఏడు వరసలు. అది మాంసం ముట్టదు, మనిషి ఊపిరి పీల్చేసి ఒళ్ళు ఒడ్డున వదిలేస్తుంది, ఒకసారి కడుపు నిండితే వానాకాలమంతా కదలదు. హార్బరు బయట ఆగిన ఓడలు దాని గుడ్లు. ఇవన్నీ పడవ అడుగున బొగ్గుతో బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. నూకాలు నోరు తెరుచుకుని వినేది. అక్కనని నన్ను అప్పా అనేది.

"అది సస్తాదా అప్పా?"

"సావదు," అన్నాను. నా జంతువు మీద నాకంత గర్వం.

దాగుడుమూతల్లో ఎప్పుడూ నేనే సుక్క సొరని. కళ్ళకు గుడ్డ కట్టుకుని పడవల మధ్య వెతకాలి. నూకాలు పిల్లిలా దాక్కునేది, ఒక్కసారీ దొరికేది కాదు, నాకు ఒళ్ళు మండేది. ఒక వానాకాలం దానికి దగ్గు పట్టుకుంది. ఖళ్ళుమన్న చోటికి వెళ్ళి జుట్టు పట్టుకున్నాను. ఆ గెలుపు రుచి మరిగి ఇంకో సంగతి చేర్చాను: సుక్క సొర దగ్గు విని వస్తుంది, ఆటలోనే కాదు, ఇంట్లో దగ్గినా వస్తుంది.

అప్పటినుంచి నూకాలు దగ్గడం మానేసింది. గౌను అంచు నోట్లో కుక్కుకుని, మొహం ఎర్రబడి, భుజాలు ఎగిరెగిరి పడుతుంటే చూశాను. మళ్ళీ దొరక్కుండా పోతోందని నాకు కోపమొచ్చింది, అంతే. ఎంత పాడుదాన్నో. అన్నం సయించడం లేదని, ఎముకలు తేలుతున్నాయని అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి శీతాకాలం వచ్చేసింది.

"ఎన్నాళ్ళ నుంచి దగ్గు?" అనడిగాడు డాక్టరు.

"దగ్గేటి బాబూ? దీనికి దగ్గే లేదు," అంది అమ్మ.

ఆయన గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, ముందే తీసుకురావాల్సిందమ్మా అన్నాడు. నేను వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాను. ఆసుపత్రి మంచం మీద నూకాలు నా చెయ్యి లాగి చెవిలో అడిగింది.

"అప్పా, ఈడికొస్తాదేటి అది? దగ్గొచ్చా?"

అంతా అబద్ధమే పిచ్చిదానా, నేనే పుట్టించాను అనాలి. పక్కనే అమ్మ ఉంది. తెలిస్తే చంపేస్తుంది.

"మెల్లగా దగ్గు," అన్నాను.

ఆ మాటకి తలూపింది. నాలుగో రోజు పొద్దున్నే పోయింది. చివరిదాకా దుప్పటి అంచు పళ్ళ మధ్యే ఉంది.

ఇప్పుడా ఒడ్డున చెక్క పడవలు లేవు, అన్నీ ఫైబరువే. మా బొగ్గు బొమ్మ ఉన్న పడవను ఏనాడో ఎవరో పొయ్యిలో పెట్టుకుని ఉంటారు. అమ్మ కూడా వెళ్ళిపోయింది. తన బిడ్డకు దగ్గే లేదని పోయేదాకా అందరికీ చెప్పింది, నేను వింటూ ఊరుకున్నాను.

మొన్న ఆదివారం నెత్తళ్ళ వాసనకు కాబోలు, పక్కింటి పాప మెట్ల మీద ఆగి దగ్గడం మొదలెట్టింది. ఏడేళ్ళుంటాయి. ఒక్క పరుగున వెళ్ళి దాని రెండు భుజాలూ పట్టుకున్నాను.

"దగ్గమ్మా, గట్టిగా దగ్గు! ఏటీ రాదు, అంతా అబద్ధం. నాను సెప్తన్నాను కదా, దగ్గు!"

పాప నా మొహంలోకి చూసి, బెదిరిపోయి, రెండు చేతులతో నోరు మూసుకుంది.