తెర మీద ఊగిన మేడ

మొన్న విజయనగరంలో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. దాని కూతురు ఇంజనీరింగు చదివి ఇంటి దగ్గర నుంచే ఏదో కంపెనీకి భవనాల డిజైన్లు చేస్తుంది. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకుని, కుడిచేత్తో పెరుగన్నం కలుపుకుంటూ ఎడమచేత్తో పది అంతస్తుల భవనాన్ని లెక్కకి పంపించేసింది. ముద్ద నమిలి మింగేలోపు ప్రతి బీము మీదా రంగురంగుల వంపులు గీసుకుపోయాయి. ఇంకేదో నొక్కింది, అంతే, భవనం మొత్తం అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. అరవై దాటిన మనిషిని, మోకాళ్ల నొప్పులు కూడా మరిచిపోయి చటుక్కున లేచి నిలబడ్డాను. పిల్ల కంగారుపడి, ఏమైంది పెద్దమ్మా అంది. ఏమీ కాలేదు, మీ అమ్మమ్మ గుర్తొచ్చిందన్నాను.

మీలో ఆ రోజుల్లో డిజైను ఆఫీసుల్లో పనిచేసినవాళ్లుంటే నా కంగారు ఇట్టే అర్థమవుతుంది. లేనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. బీము మీద బరువు పడితే పైకి ఏమీ జరిగినట్టుండదు గానీ, దాని కడుపులో ఒకచోట నొక్కుకుంటుంది, ఒకచోట సాగుతుంది, ఒకచోట వంగబోతుంది, ఒకచోట తెగబోతుంది. ఆ కనపడని బలాలు ఎక్కడ ఎంతున్నాయో తేలితే తప్ప లోపల ఎంత ఇనుము వెయ్యాలో తెలియదు. మేము వాటిని చేత్తో కట్టేవాళ్లం. ఒక పిల్లరు దగ్గర లెక్క సరిచేస్తే అందులో కొంత పక్క పిల్లరుకి పోతుంది, అక్కడ సరిచేస్తే మళ్లీ కొంత వెనక్కొస్తుంది, అత్తాకోడళ్ల తగువులా ఎంతకీ తెగదు. ఎక్కడో ఒక ప్లస్సు మైనస్సు గుర్తు తప్పు పడిందా, కాగితాలన్నీ చింపి మళ్లీ మొదటికి రావడమే.

అలాంటి రోజుల్లో శ్రీకాకుళంలో మా ఆఫీసుకి కంప్యూటరు, దాంతోపాటు ఆ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేరు వచ్చాయి. మా ఆఫీసు పెద్దాయన దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ గదిలోకి ఎవరూ చెప్పులతో రాకూడదని ఆర్డరు వేశారు. మొదటిరోజు నేనొక చిన్న బీము గీసి, బరువు పెట్టి లెక్కకి పంపాను. రెండు చివర్లా పైకి లేచి, నడుమ కిందికి జారిన వంపు ఒకటి, పక్కన అంకెతో సహా, తెర మీద పడింది. అన్నేళ్లుగా అంకెల్లోనే తప్ప చూడని దాన్ని కళ్లారా చూశానండీ! పక్కన కాగితం మీద చేత్తో కట్టి చూస్తే సరిగ్గా అదే అంకె. పట్టలేక చప్పట్లు కొట్టేశాను.

ఆ సంబరం చల్లారక ముందే మా కన్నవారి ఊరి ఫైలు మా ఆఫీసుకొచ్చింది. కోటబొమ్మాళి దాటి సముద్రం వైపు పోతే వచ్చే చేపలవాళ్ల ఊరు మాది. అక్కడ కట్టబోయే తుపాను షెల్టరు అది: కింద ఖాళీగా పిల్లర్లు, పైన ఒకే ఒక్క హాలు. అంతకుముందు పాత బడి భవనంలో తలదాచుకున్నప్పుడు మగాళ్లూ ఆడాళ్లూ వలలూ మేకలూ అన్నీ ఒకచోటే. చాటు లేదు, మరుగు లేదు. సిగ్గుపడి మా అమ్మలాంటివాళ్లు ఎంతోమంది గాలివానలో పూరిళ్లలోనే ఉండిపోయేవారు. అందుకని మా మేనత్త ఆడవాళ్లందర్నీ వెంటేసుకొచ్చి, మాకు పైన ఇంకో అంతస్తు కావాలని పెద్దాయన ముందు కూర్చుంది. అంతస్తు పెరిగితే మొత్తం లెక్క మళ్లీ కట్టాలి, చేత్తో కడితే ఫైలు వెళ్లే గడువులోగా తెమలదు. కంప్యూటరు మీద నేను కడతానని ముందుకు దూకాను.

ఆ వారమంతా నాకు ఆకలి తెలియలేదు. సముద్రం వైపు నుంచి గాలి పెడితే మూల పిల్లర్ల మొదళ్లు తెర మీద ఎర్రబడేవి, అంటే అవి మొయ్యలేవని. పిల్లరు లావు పెంచి మళ్లీ పంపేదాన్ని. కరెంటు పోతే నెత్తి కొట్టుకుని మళ్లీ గీసేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం ఒక్క పిల్లరు కూడా ఎర్రబడకుండా మేడ మొత్తం నిలబడింది. ఆనందం ఆపుకోలేక, వంగిన రూపం చూపించే మీట నొక్కి మేడని ఊగించుకుంటూ కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే మా అమ్మ వచ్చింది. చేపలమ్ముకోవడానికి పట్నం వచ్చినప్పుడల్లా నన్ను చూసిపోయేది. గంప గుమ్మం బయట దించి, కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి తెర వైపు చూసింది. మన మేడేనే అమ్మా అన్నాను గర్వంగా.

"ఓలమ్మో! ఏటే ఇది, తాగినోడిలాగ ఊగిపోతన్నాది!"

అసలు కదలిక కంటికి ఆనదనీ, మనకి తెలియడానికి మిషను దాన్ని వందల రెట్లు పెంచి చూపిస్తుందనీ చెప్పబోయాను. అప్పటికే గంప నెత్తికెత్తుకుని బస్టాండు దారి పట్టింది.

అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దుగూకేసరికి పై అంతస్తు ఊగుతుందని ఊరంతా పాకిపోయింది. ఆ ఆదివారం వెళ్లి ఆడవాళ్లని కూర్చోబెట్టి ఎంతో చెప్పాను, నిజంగా కదిలేది బియ్యపు గింజంతే అన్నాను. మా మేనత్త అంతా విని తాపీగా అంది: "ఊగుతాదని నీ మిషనే సెప్పినాది. ఊగదని నువ్వు సెప్తన్నావు. ఎవుల్ని నమ్మాలే?" కొన్నాళ్లకి అడిగి కట్టించుకున్న మేడ లేచింది, సున్నాలు వేశారు, తుపాను గాలిరోజు వస్తే మాత్రం పైకి ఎక్కేది లేదని ఆడవాళ్లంతా ఒక్కమాట మీదున్నారు. నేను కట్టిన లెక్కే వాళ్లని మళ్లీ పూరిళ్లలో ఉంచేస్తుందేమోనని నా దిగులు.

గాలిరోజు రానే వచ్చింది. హెచ్చరిక విన్న పొద్దున్నే అందరూ సముద్రానికి ఎడంగా పోతుంటే నేను ఎదురెళ్లి, మధ్యాహ్నానికి షెల్టరు చేరాను. మగవాళ్లు అప్పటికే హాల్లో ఉన్నారు. ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని, లోపల ఇమడలేక, పైకెక్కలేక, మెట్ల దగ్గర జల్లులో తడుస్తున్నారు. వాళ్లని దాటుకుని పైకెక్కి, సముద్రం వైపు మూల పిల్లరుకి, నన్ను వారమంతా ఏడిపించిన ఆ పిల్లరుకే, వీపు ఆనించి కూర్చున్నాను. కాసేపటికి మెట్ల మీద మా అమ్మ గొంతు వినిపించింది. "నా కూతురు పైన కూకుంటే నాను కింద కూకుంటానేటి? పడితే ఇద్దరం పడతాం, లెగండే!" అని అందర్నీ తిడుతూ వస్తోంది. వెనకాలే మా మేనత్త, ఆ వెనక మిగతా అందరూ.

వచ్చిన అమ్మ ఊరికే కూర్చోలేదు. ఇత్తడి చెంబు నిండా నీళ్లు పోసి పిల్లరు మొదట్లో పెట్టి, దాన్నే కన్నార్పకుండా చూసింది. గాలి ఊళలు వేస్తోంది, కిటికీ రెక్కలు బాదుకుంటున్నాయి. చెంబులో నీళ్లు సన్నగా వణికాయి. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"ఇంతేనేటే?"

"ఇంతేనమ్మా."

"మరి నీ మిషను అంత గోల సేసిందేటే!" అని నవ్వింది. ఆ నవ్వు ఆ గాలి హోరులో కూడా అందరికీ వినిపించింది. మా మేనత్త కొంగు పిండుకుని కాళ్లు బారజాపుకుంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఇదంతా చెప్పి, ఇంతకీ నీ పది అంతస్తుల్లో ఎవరుంటారే అని పిల్లనడిగాను. ఏమో పెద్దమ్మా, ఫైలు మెయిల్లో వచ్చింది, సాయంత్రానికి పంపెయ్యాలంది. తప్పు దానిది కాదు. నాకు వారం పట్టిన పని అది ముద్ద మింగేలోపు చేస్తోంది, ఆ వేగం చూస్తే నాకూ ఒళ్లు పులకరిస్తుంది, ఇప్పుడు పుట్టి ఉంటే ఎంత బాగుండునోననిపిస్తుంది. కాకపోతే చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, తెర చూసి జడుసుకుని, ఎవరిని నమ్మాలే అని నిలదీసేవాళ్లు ఇప్పుడు ఎవరూ రారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మూల పిల్లరు నంబరు నాకు నోటికొచ్చు. దాని పక్కన మా అమ్మ కూర్చుంది కాబట్టి.