పిన్ని పేరు మీద ఉన్న సీసా

షిప్పులో నేను చేసేది పెద్ద ఉద్యోగమేం కాదు. జనం ఎక్కే వంతెన పక్కన బల్ల వేసుకుని కూర్చుంటాను. సరదాగా సముద్రం మీద తిప్పి తీసుకొచ్చే షిప్పు మాది. ఎక్కేవాళ్ళు ఇంటి దగ్గర్నుంచి వైను తెచ్చుకోవచ్చు గానీ మనిషికి ఒక్క సీసానే. ఇంకోటి ఉంటే అది నా బల్ల మీదికొస్తుంది. మెడకి చీటీ కట్టి, పేరు రాసి, కింద సీసాల గదిలో పెడతాను. దిగే రోజు ఎవరి పేరుంటే వాళ్ళ చేతికే ఇస్తాను. అంతే పని.

అంతే అంటాను గానీ, ఈ సీసాల కోసం మనుషులు వేసే వేషాలు చూస్తే నవ్వాగదు. ఒకాయన వైనుని నోరు పుక్కిలించే మందు సీసాలో పోసుకొచ్చాడు. ఒకావిడ దుప్పటి చుట్టి చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. "అలికిడి లేదేంటమ్మా బిడ్డకి" అంటే "నిద్రపోతున్నాడండీ" అంది. ఆ నిద్రపోతున్నవాడు ఆవిడ అడుగు తీసి అడుగు వేస్తే టింగుటింగుమంటున్నాడు.

ఇంతమందిలో నా మనసులో ఉండిపోయింది మాత్రం బస్సు డ్రైవరు బాబాయే. ఆయన వేషాలేం వెయ్యలేదు.

రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో గుడ్డ సంచీ. సంచీలోంచి రెండు సీసాలు తీసి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాడు.

"మనిషికి ఒకటే బాబాయ్."

"తెలుసమ్మా. ఇది నాది, ఇది మా ఆవిడది."

"ఏరి పిన్ని?"

"వస్తోంది. వెనకాల."

తొంగి చూశాను. వెనకాల ఉన్నవాళ్ళెవరూ పిన్నిలా లేరు. "సరే, వచ్చాక తీసుకెళ్దురుగానీ. అందాకా ఒకదానికి చీటీ కడతాను. మీ పేరు చెప్పండి" అన్నాను.

"నా పేరెందుకు? ఆవిడ పేరే రాయి. అది తీపి వైను. నేను నోట పెట్టను, దగ్గు మందులా ఉంటుంది."

పిన్ని పేరు చెప్పాడు, రాశాను. ఆయన పైకెళ్ళకుండా నా పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు. జనం పల్చబడ్డాక మాటల్లోకి దిగాం. నాకసలే నోరు ఊరుకోదు.

డిపోలో ఆయన్ని గడియారం అనేవాళ్ళట. బస్సు కదలాల్సిన టైముకి కదలాల్సిందే. ఎవడు పరిగెత్తుకొస్తున్నా, ఎంత ముసలివాళ్ళైనా, అర నిమిషం కూడా ఆపేవాడు కాదట. "ఒకడి కోసం ఆపితే ముందున్న స్టాపుల్లో నలభై మంది తిట్టుకుంటారమ్మా" అన్నాడు. నిజమే కదా అనిపించింది.

ఒకరోజు పిన్ని ఆసుపత్రి నుంచి వస్తూ ఆయన బస్సుకే పరిగెత్తుకొచ్చిందట. కాలికి కట్టు. వాన. చెయ్యెత్తింది గానీ అరవలేదు. బాబాయ్ అద్దంలో చూశాడు. చూసి, తలుపు మూసి, గేరు వేశాడు.

"అయ్యో, పెళ్ళాం బాబాయ్!"

"పెళ్ళామని ఆపితే రేపు బావమరిదికి ఆపాలి, ఎల్లుండి పక్కింటాయనకి ఆపాలి అనుకున్నాను" అన్నాడు తల దించుకుని.

ఆ రోజు ఆవిడ నడిచే ఇంటికొచ్చింది. తడి బట్టలు మార్చుకుని ఈయనకి అన్నం పెట్టింది. మళ్ళీ ఆయన బస్సెక్కలేదు, అంతే. ఆయన రిటైరైన నెలకి బట్టలు సర్దుకుని, "ఇక నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, ఇల్లు చూసుకో" అని చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఇంత చల్లగా కాపురాలు వదిలేసిన ఆడవాళ్ళని నేను తక్కువమందిని చూశాను.

ఈ షిప్పుకి ఇద్దరికీ టిక్కెట్లు కొని, ఒకటి మరదలి చేతికిచ్చి పంపించాడట. సముద్రం చూడాలని ఆవిడకి ఎప్పట్నుంచో కోరిక.

"పిన్ని ఏమంది?"

"చూద్దాం అందట."

మన ఇళ్ళల్లో చూద్దాం అంటే ఏంటో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు.

తాళ్ళు విప్పే వేళైంది. వంతెన దగ్గరుండే గేటాయన వచ్చి, "లోపలికి నడవండి పెద్దాయనా, ఎత్తేస్తున్నాం" అన్నాడు.

"ఒక్క నిమిషం బాబూ. బండి దొరికుండదు."

"టైమంటే టైమేనండి."

బాబాయ్ నా వైపు తిరిగి నవ్వాడు. చెంపదెబ్బ తిన్నవాడు నలుగుర్లో నవ్వే నవ్వు. "అది నా మాటేనమ్మా" అన్నాడు.

"దిగుతారా, ఉంటారా? ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు గేటాయన.

దిగడానికి ఒక అడుగు వేసి ఆగిపోయాడు. "ఒకవేళ ఆవిడ వేరే తలుపులోంచి ఎక్కేసి ఉంటే?" అన్నాడు. మా షిప్పు ఎక్కడానికి ఉన్నది ఒకటే తలుపు. ఆ మాట నేను చెప్పలేదు, గేటాయనా చెప్పలేదు. వంతెన లేచిపోయింది.

మా పై ఆఫీసరు మర్నాడే అన్నాడు, "ఆ పేరుగలావిడ షిప్పులో లేదు, చీటీ మార్చెయ్" అని. మార్చాలంటే బాబాయ్ నోటితో చెప్పాలి, అది మా రూలు. సాయంత్రం ఆయనే సీసాల గదికి వచ్చాడు.

"ఉందా అమ్మాయ్?"

"ఉంది బాబాయ్. ఇది నాదే, ఆవిడ రాలేదు అని ఒక్క మాట అనండి. మీ పేరు రాసేస్తాను."

"నాది కాదు కదమ్మా" అని వెళ్ళిపోయాడు.

రోజూ అదే వరస. వచ్చేవాడు, ఉందా అనేవాడు, ఉంది అంటే అరలోకి ఓసారి చూసి వెళ్ళేవాడు. వడ్డించే కుర్రాడు చెప్పాడు, మొదటి రెండు రోజులు ఎదురు కుర్చీ ఎవరైనా అడిగితే "మనిషుంది" అనేవాడట. తర్వాత "తీసుకోండి" అనడం మొదలుపెట్టాడట. డెక్కు మీద అందరూ జంటలు జంటలుగా ఫొటోలు దిగుతుంటే, ఎవరు ఫోను చేతికిచ్చినా కాదనకుండా తీసిపెట్టేవాడు. ఆయన ఫొటో ఎవరూ తియ్యలేదు. నేనైనా తియ్యాల్సింది, తట్టలేదు.

దిగే రోజు అందరూ సీసాలు పట్టుకుపోయాక ఆఖర్న వచ్చాడు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"ఆవిడ రాలేదమ్మా" అన్నాడు.

అంత చిన్న మాట. మళ్ళీ అన్నాడు, నాకు వినపడలేదనుకున్నట్టు. చీటీ తెంపబోతే, "ఉండనీ, తియ్యకు" అన్నాడు. తియ్యకుండానే ఇచ్చాను. తువ్వాలు చుట్టి సంచీలో పెట్టుకున్నాడు.

మరుసటి ఏడు మళ్ళీ వచ్చాడు. నాకు ఎంత సంతోషమేసిందో. ఈసారి సంచీలోంచి ఒక్క సీసానే తీశాడు. చూస్తే తీపి వైను.

"ఏంటి బాబాయ్, దగ్గు పట్టిందా?"

"కూర్చో, చెప్తా" అన్నాడు, నేను కూర్చునే ఉంటే.

ఆ రోజు షిప్పు దిగి నేరుగా మరదలింటికే వెళ్ళాడట. గేటు బయట నిలబడ్డాడట. తలుపు కొట్టలేదట.

"కొట్టచ్చుగా?"

"ఆవిడ ఆ రోజు అరిచిందా? నేనూ అరవలేదు."

పొద్దున నిలబడితే దీపాలు పెట్టే వేళకి ఆవిడ బయటికొచ్చిందట. సీసా అందుకుని, చీటీ మీద పేరు చదువుకుని, "ఎప్పట్నుంచి ఉన్నావు?" అందట. పొద్దున్నుంచి అన్నాడట.

"కాళ్ళు లాగుతున్నాయా?"

"లాగుతున్నాయి."

"నాకూ లాగాయి" అని లోపలికెళ్ళి తలుపేసుకుందట.

"అంతేనా?" అన్నాను. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలీదు.

"తర్వాత వారం వెళ్తే ఖాళీ సీసా కడిగి గేటు పక్కన పెట్టి ఉంది. తాగిందిగా అమ్మా. నేను వెళ్తూనే ఉన్నాను. నిలబడతాను, ఆవిడ కిటికీలోంచి చూస్తుంది. టిక్కెట్టు మాత్రం ఈసారి ఒకటే కొన్నా."

"మరి ఇది?"

"ఇది నేనే తాగుతాను. దగ్గు మందే. అలవాటు చేసుకుంటున్నాను" అన్నాడు. చీటీ కట్టవా అనడిగాడు. ఒక్కటేగా బాబాయ్, అక్కర్లేదు అన్నాను.

సీసా పైన తన గదిలో పెట్టి మళ్ళీ కిందికొచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాడు. జనమంతా ఎక్కేశారు. తాళ్ళు విప్పుతున్నారు. గేటాయన ఆయన్ని గుర్తుపట్టినట్టున్నాడు, ఈసారి టైమంటే టైమే అనలేదు. దగ్గరికొచ్చి, "ఎత్తెయ్యమంటారా పెద్దాయనా?" అనడిగాడు.

బాబాయ్ రేవు దారి వైపు ఓసారి చూశాడు.

"ఎత్తెయ్ బాబూ" అన్నాడు.