మైనమ్మ కిటికీ

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో ఎవరికీ దానితో పని పడలేదు. ఎప్పుడు చూసినా గోళ్ళ సందుల్లో మైనం, బట్టల మీద మైనం, చివరికి తలుపు గొళ్ళేనికి కూడా మైనమే. దాంతో చిన్నాపెద్దా అందరికీ ఆమె మైనమ్మ అయిపోయింది. మొదట్లో ఆ పిలుపు విని మూతి ముడుచుకునేది. తర్వాత తన క్రీము డబ్బీల మీద తానే ఆ పేరు రాసి అంటించింది. వెక్కిరింతను వ్యాపారానికి వాడుకోవడం అందరికీ చేతకాదు.

కింది గదిలో భర్తకు గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది. పై అంతస్తులో కాపురం, వెనకవైపు గదిలో మైనమ్మ పొయ్యీ, గిన్నెలూ, డబ్బీలూ. ఆ పైన డాబా మీద వరసగా తేనెటీగల పెట్టెలు.

"మనిద్దరం ముళ్ళ మీదే బతుకుతున్నాం కదండీ," అనేది భర్తతో.

"నా ముళ్ళు కుట్టవే, తల్లీ," అనేవాడు ఆయన.

ఆయనకు ఈగలంటే హడలు. పెళ్ళయిన కొత్తలో డాబా మీద బట్టలు తీసుకురమ్మంటే గొడుగు వేసుకుని వెళ్ళిన ఘనుడు. మైనమ్మ మాత్రం ముసుగూ చేతితొడుగులూ లేకుండానే పెట్టె మూత ఎత్తేది. తుట్టె ఉన్న చట్రం పైకి తీయకముందే, లోపలి సంగతి ఆమెకు చప్పుడును బట్టి తెలిసేది. రాణి ఈగ పోయిన పెట్టె మూలుగుతుంది. కడుపు నిండిన పెట్టె గుర్రు పెడుతుంది. ఎప్పుడైనా ఒకటీ అరా కుడితే, గోరుతో ముల్లును పక్కకు గీకేసి, "దీనికింత కోపమేమిటో!" అని తన పనిలో పడిపోయేది.

ఒక మధ్యాహ్నం అలాగే మెడ మీద ఒకటి కుట్టింది. అలవాటుగా గీకేసింది. మూత పెట్టి మెట్ల దగ్గరికి వచ్చేసరికి పెదవులు దిమ్మెక్కాయి. మెట్లు దిగేసరికి నాలుక నోట్లో పట్టలేదు. కొట్టు గుమ్మంలో కూలబడి భర్తను పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. ఆయన చేతిలో గడియారం వదిలేసి, ఆమెను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఆసుపత్రిలో సూది మందు పడ్డాక గానీ ఊపిరి దారిలోకి రాలేదు.

"ఇన్నేళ్ళు కుట్టించుకున్న ఒంటికి ఓపిక నశించిందమ్మా," అంది డాక్టరు. "కొందరికి ఇలా అవుతుంది. ఇంకొకటి కుడితే ఏమవుతుందో నేను పూచీ పడలేను."

"ఇన్నాళ్ళూ ఏమీ చెయ్యని ఈగలు ఇప్పుడేం చేస్తాయండీ?" అని మైనమ్మ అడిగింది. ఏమీ చేయలేదని ఆమె ఇప్పటికీ అనుకుంటోంది, చూడండి!

కొన్నాళ్ళు భర్తే పెట్టెల బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. రెండు జతల మేజోళ్ళు, మెడకు తువ్వాలు, దాని మీద ముసుగు, ఆ పైన టోపీ. ఈగల్ని శాంతపరిచే పొగడబ్బాతో ఆయన పొగ పెట్టిన తీరుకు, పక్కింటివాళ్ళు ఇల్లు తగలబడుతోందని బకెట్లతో నీళ్ళు పట్టుకొచ్చారు. మైనమ్మ మెట్ల తలుపు వెనక నిలబడి జాలీలోంచి కేకలు పెట్టేది. "చట్రం అడ్డంగా కాదండీ, నిలువుగా! అయ్యో, అలా దులపకండి, అవేమైనా దుప్పట్లా?" చివరికి డాక్టరే తేల్చి చెప్పేసింది. ఇంటి మీద పెట్టెలుంటే ఈ మనిషి ఆగదు, ఉంచకండి అని.

ఊరి అవతల తోట ఉన్న ఒకాయన వచ్చి అన్నిటినీ తీసుకెళ్ళాడు. ఆయన్ని మైనమ్మ అన్నయ్య అనేది. ఆయన మంచివాడు. తేనె తీసినప్పుడల్లా మైనం ముద్దలూ, ఈగలు పెట్టె పగుళ్ళకు పూసే చెట్ల జిగురూ తెచ్చి ఇచ్చేవాడు. పని ఆగలేదు. నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి మైనం కరిగించడం, పాత గుడ్డలో వడకట్టడం, బాదం నూనె పోసి కలపడం, చల్లటి చెంచా వెనక ఒక చుక్క వేసి గోటితో నొక్కి చూడటం. గోటి గుర్తు నిలిస్తే పెదవులకు, నిలవకపోతే ఇంకాస్త మైనం. జిగురు నానబెట్టిన నూనె మడమల పగుళ్ళకు. అన్నీ మునుపటిలాగే సాగుతున్నాయి.

సాగితే ఏం లాభం? ఆమెకు ఈగలు కావాలి. తేనె కాదు, మైనం కాదు. మూత ఎత్తగానే మొహానికి తగిలే ఆ వెచ్చటి గాలి కావాలి. అరచేతి మీద బోలెడన్ని చిన్న కాళ్ళు నడిచే ఆ గిలిగింత కావాలి. డాబా మీద నాలుగు ఇటుకలు తప్ప ఏమీ లేవు. ఆ ఇటుకల పక్కన నిలబడితే చెవులు హోరెత్తేవి, ఏమీ వినిపించక.

"అవి ఎలా ఉన్నాయన్నయ్యా?" అని అడిగేది.

"బాగానే ఉన్నాయి చెల్లెమ్మా."

"బాగానే అంటే? చప్పుడు ఎలా ఉంది?"

"ఈగల చప్పుడు ఈగల్లాగే ఉంటుంది కదమ్మా."

పిల్లల్ని హాస్టల్లో వేసి, వార్డెనును అడిగితే తింటున్నారు, పడుకుంటున్నారు అన్నట్టుండేది ఆ జవాబు. అన్నయ్య వెళ్ళిపోయాక ఆ కోపమంతా గిన్నెల మీద చూపించేది.

ఇలా ఉండగా పై వీధి పిన్నిగారు ఒక చిన్న సీసా పట్టుకుని వచ్చింది. పదేళ్ళ వయసు తగ్గించే క్రీము చేసిపెట్టమని మైనమ్మ ప్రాణాలు తోడే పిన్నిగారు ఆమే. "ఇది పెదవుల పగుళ్ళకి పిన్నిగారూ, పుట్టిన తేదీకి కాదు," అని ఎన్నిసార్లు చెప్పినా వదలదు.

"ఇది నిమ్మగడ్డి నూనె," అంది పిన్నిగారు. "ఎప్పుడడిగినా ఈగలున్నాయి, కుదరదు అనేదానివి. ఇప్పుడు ఆ పీడ వదిలింది కదా! దీని వాసన వేసి నాకో డబ్బీ చెయ్యి."

పీడ అన్న మాట మైనమ్మ గుండెలో కలుక్కుమంది. నవ్వి సీసా తీసుకుంది.

ఆ ఇంట్లో నిమ్మగడ్డికి ప్రవేశం లేకపోవడానికి కారణం ఉంది. దారి తప్పిన తోటి ఈగలను ఇంటికి పిలవడానికి ఈగలు ఒక వాసన వదులుతాయి. నిమ్మగడ్డి వాసన దానికి అచ్చు తోబుట్టువు. గూడు వెతుక్కుంటున్న ఈగలకు ఆ వాసన తగిలితే, లోపల మనవాళ్ళెవరో ఉన్నారు, రమ్మంటున్నారు అనుకుంటాయి. ఈ సంగతి మైనమ్మకు తెలుసు. మెట్ల కింద పాత తుట్టెతో ఒక ఖాళీ పెట్టె మిగిలి ఉందనీ, ఈగలు కొత్త గూళ్ళకు బయలుదేరే పూల కాలం వచ్చిందనీ కూడా తెలుసు. అన్నీ తెలిసే చేసింది. ఆమె తరఫున అబద్ధమాడి నాకు ఒరిగేదేమీ లేదు.

తన గది కిటికీ బయట, కింది గది సన్‌షేడ్ మీద ఆ పెట్టె పెట్టింది. దాని ద్వారం దగ్గర నిమ్మగడ్డి నూనె రెండు చుక్కలు రాసింది. కిటికీ రెక్కలు బిగించి గడియ వేసింది.

"అక్కడెందుకే ఆ పెట్టె?" అని భర్త అడిగాడు.

"పురుగు పడుతోందండీ, ఎండకి పెట్టా."

"ఆ గోడకి ఎండెక్కడ పడుతుంది?"

"పడినప్పుడే పడుతుంది," అంది. ఆయన కొట్లోకి దిగిపోయాడు. గడియారాలతో బతికే మనిషి కదా, తొందరపడడు.

మొదట ఒక ఈగ వచ్చింది. ద్వారం ముందు అటూ ఇటూ ఎగిరి, లోపలికెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చింది. అద్దె ఇల్లు చూసుకునే వాళ్ళలాగే గోడలన్నీ తడిమి చూసి ఉంటుంది. మర్నాడు మరికొన్నిటిని వెంటబెట్టుకొచ్చింది. మైనమ్మ పొయ్యి దగ్గరి నుంచి కదలకుండా, ఊపిరి బిగబట్టి చూసింది. కిటికీ గడియ పడిందా లేదా అని మళ్ళీ మళ్ళీ తడిమింది. భయం వేసింది. సంతోషమూ వేసింది. రెంటిలో ఏది ముందో ఆమెకే తెలియలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున, మైనం కరుగుతూ ఉండగా, వెలుతురు మసకబారింది. మబ్బేమో అనుకుంది. తలెత్తేసరికి కిటికీ నిండా ఈగలు! దండు దండంతా వచ్చి పెట్టె మీద, సన్‌షేడ్ మీద, గాజు మీద వాలిపోయింది. ఆ హోరు గాజులోంచి గదిలోకి వచ్చేసింది. డబ్బీల మూతలు సన్నగా అదిరాయి.

మైనమ్మ పొయ్యి ఆర్పింది. కిటికీ దగ్గరికి వెళ్ళి గాజు మీద అరచెయ్యి ఆనించింది. అవతల బోలెడన్ని చిన్న కాళ్ళు, కదులుతున్న పొట్టలు. గాజు వెచ్చబడింది, వణికింది. ఇంకో చెయ్యి కూడా ఆనించింది. చెంప ఆనించింది. "వచ్చారా? వచ్చారా నాన్నా?" అంటూ ఏడ్చింది, నవ్వింది.

"ఏంటే ఆ చప్పుడు?" అంటూ భర్త పైకి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. కిటికీని చూశాడు, దానికి అతుక్కుని ఉన్న భార్యను చూశాడు. గదిలో గాలి ముక్కుతో ఎగబీల్చాడు. బల్ల మీద పిన్నిగారి సీసా మూత తీసి ఉంది.

"నిమ్మగడ్డి," అన్నాడు. "నువ్వే పిలిచావు."

మైనమ్మ వెనక్కి తిరగలేదు. "గాజుంది కదండీ. గడియ వేసే ఉంది. నేను కిటికీ రెక్క కూడా తియ్యను. ఊరికే చూస్తా. ఇక్కడే ఉంటాయి పాపం, వాటి మానాన అవి."

"ఎన్నాళ్ళు తియ్యవు?"

తీస్తుందని ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఏదో ఒక రోజు, గాలి ఆడటం లేదనో, పెట్టె వాలిపోతోందనో, ఒక్క రెక్క, ఒక్క వేలంత తీస్తుంది.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది మైనమ్మ. ఆయన గొంతు పెంచలేదు.

"నువ్వు పెట్టెకి చెవి పెట్టి లోపల ఎలా ఉందో వినేదానివి కదా. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ నేను నీ ఊపిరి అలాగే వింటున్నానే. నువ్వు నిద్రపోయాక. కొంచెం బరువుగా తీస్తే నాకు చెమటలు పడతాయి. ఉంచుకుంటానంటావా, ఉంచుకో. నేను కొట్టు మూసేసి ఈ స్టూలు మీద కాపలా కూర్చుంటా. పోతే ఇద్దరం కలిసే పోదాం."

"అలాంటి మాటలు అనకండి," అంది మైనమ్మ.

"నువ్వు చెయ్యొచ్చు, నేను అనకూడదా?"

మైనమ్మ గాజు మీదినుంచి చెంప తీసింది, ఒక చెయ్యి తీసింది. రెండో చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఫోను అందుకుని తానే అన్నయ్యకు చేసింది. "ఒక దండు వచ్చిందన్నయ్యా. పొద్దు వాలాక అన్నీ లోపలికి వెళ్తాయి. అప్పుడు వచ్చి తీసుకెళ్ళు," అంది. గొంతు తొణకలేదు. ఫోను పెట్టేశాక మాత్రం గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

సాయంత్రం అన్నయ్య పెరటి గోడకు నిచ్చెన వేశాడు. పెట్టె బరువెక్కింది, కింద ఒకరు సరిపోరు, కిటికీలోంచి ఇంకొకరు పట్టుకోవాలన్నాడు. కిటికీ తెరవాలంటే మైనమ్మ ఆ గదిలో ఉండకూడదు. ఆమె ముందు గదిలోకి వచ్చింది. భర్త లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మైనమ్మ తలుపు కింద సందులో తడి తువ్వాలు కూరింది, తలుపుకు చెవి ఆనించింది.

"ముందు ద్వారానికి గుడ్డ అడ్డం పెట్టండి!" అని అరిచింది.

"పెట్టాను!"

"మెల్లిగా ఎత్తండి. కుదిపితే లోపల పాత తుట్టె విరిగిపోతుంది. రాణి నలుగుతుంది!"

"నువ్వు నోరు మూసుకుంటే అన్నీ బాగానే ఉంటాయే!"

గడియ తీసిన చప్పుడు. ఒక్కసారిగా ఆ హోరు, గాజు అడ్డం లేకుండా. తలుపు చెక్కలోంచి ఆమె చెంపకు, పళ్ళకు, గొంతుకు తగిలింది. గుర్రు పెడుతున్నాయి. మంచి రాణి అనుకుంది. ఇంతలో "అమ్మో" అని భర్త గొంతు. తర్వాత నిచ్చెన కిర్రుమంది, హోరు దూరమైంది, కిటికీ మూసుకుంది. పెరటి గుమ్మం దగ్గర బండి కదిలింది. ఆ తర్వాత ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

భర్త బట్టలన్నీ దులుపుకుని, ఒంటి మీద ఒక్క ఈగ కూడా లేదని చూసుకుని బయటికి వచ్చాడు. మణికట్టు ఎర్రగా ఉబ్బింది. మధ్యలో నల్లటి ముల్లు. "కొట్లో పట్టకారు ఉంది, పీకేసి వస్తా," అంటూ మెట్ల వైపు నడిచాడు.

"పట్టకారుతోనా! పట్టుకుని నొక్కితే విషమంతా లోపలికి పోతుంది. ఇన్నేళ్ళు ఎవరితో కాపురం చేశారండీ మీరు? ఇలా రండి!"

"నువ్వు ముట్టుకోకు."

"ముట్టుకోను," అంటూ మైనం గీకే రేకు తెచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుని, ఆయన చెయ్యి దీపం కింద పెట్టి, రేకు అంచుతో ఒక్కసారి పక్కకు గీకింది. ముల్లు ఊడి వచ్చింది. దాన్ని కాగితంలో చుట్టి పొయ్యిలో వేసింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోబోతే వదల్లేదు. కుట్టిన చోటి నుంచి సన్నగా అరటిపండు వాసన వస్తోంది. ఈగ కుట్టినప్పుడు వదిలే వాసన అది. ఆయన ముక్కుకు అందేది కాదు. మైనమ్మ తల వంచి, తగలకుండా, ఆ మణికట్టు దగ్గర కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందని ఆయనకు అర్థమైంది.

"కడుక్కోవద్దా?" అని అడిగాడు.

"కాసేపాగండి."

ఆయన ఆగాడు. చెయ్యి తిమ్మిరెక్కుతున్నా కదల్చలేదు. ఈగలంటే ప్రాణభయమున్న ఆ మనిషి కాసేపటికి మెల్లిగా అన్నాడు.

"అప్పుడప్పుడు తోటకి వెళ్ళి ఒకటి కుట్టించుకు రానా?"