పారిస్‌లో పీటల మీద

ప్రపంచం చూసొచ్చినదాన్నని మండపేటలో నాకు పెద్ద పేరు. విదేశాలు వెళ్లేవాళ్లంతా సలహాలు అడుగుతుంటారు. నేనిచ్చేది ఒక్కటే: అక్కడున్న మనవాళ్లింట్లో మాత్రం దిగకండి.

ఎనభైల్లో మా ఆయన రైసుమిల్లు యంత్రాల పని మీద వెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్లారు. ఏ ఊళ్లో దిగినా "మనవాళ్లుండగా హోటలేంటి, ఏమనుకుంటారు?" అనేవారు. అందుకే సింగపూర్ అంటే నాకు గుత్తివంకాయ కూర, లండన్ అంటే ఎవరివో పెళ్లి ఫొటోలు. అలా బయటికెళ్లొస్తామంటే చాలు, "ముందు భోంచెయ్యండి" అనేవారు ఆ ఇంటివాళ్లు. భోజనాలయ్యేసరికి చీకటి పడేది.

పారిస్‌లో మాత్రం పట్టుబట్టాను. అక్కడ ఊరి మధ్య నదిలో పడవ మీద తిప్పుతారట. గోదావరి పక్కనే పుట్టానన్న మాటేగాని, అవతలి రేవుకి వెళ్లడానికి తప్ప సరదాకి పడవెక్కి ఎరగను. మా ఆయన సరేనన్నారు. మాకున్నది ఒక్క రోజే.

పొద్దున్నే, మేం దిగిన ఇంటాయన చేతులు జోడించారు. "అన్నవరం పక్కనుంచి వచ్చారు. సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నామండి. మాతోపాటు మీరూ పీటల మీద కూర్చోవాలండి."

సాక్షాత్తూ సత్యదేవుడి మాట, మా ఆయన కాదనగలరా? మధ్యలో లేద్దామంటే, ప్రసాదం తినకుండా వెళ్లినవాళ్లకి ఏమవుతుందో ఆ కథలోనే ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. పడవ మాట చెబితే, ఆ ఇంటావిడ ప్రసాదానికి రవ్వ వేయిస్తూ నవ్వింది. "నేనూ ఎక్కలేదండి. ఎవరొచ్చినా ఈయన తిప్పుకొస్తారు. నాకు వంటుంటుంది కదండి."

పాపం, నోరులేని మనిషి అనుకున్నాను. నేనైతే ఊరుకునేదాన్నా!

ఆ నది చూడలేదన్న దిగులు ఇప్పటికీ నన్ను వదల్లేదు. కానీ దానికంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. కొన్నాళ్లకి ఆ పారిస్ ఇంటాయన ఒక్కరే మా ఇంటికొచ్చారు. మా ఆయన వెంటనే మర్నాటికి కారు మాట్లాడారు, రాజమండ్రి వెళ్లి లాంచీలో పాపికొండలు చూపించుకొస్తానని. తెల్లారేసరికి నేనూ చీర మార్చుకొచ్చాను.

"నువ్వూ వచ్చేస్తే ఎలా? ఇంటికొచ్చిన మనిషికి హోటలు భోజనం పెట్టిస్తామా?" అన్నారు మా ఆయన.

పనసపొట్టు కూర, బొబ్బట్లు చేసి కూర్చున్నాను. బాగా చీకటి పడ్డాక ఇద్దరూ తిరిగొచ్చారు.

"గోదావరి ఎంత బాగుందండీ! మీరూ రావాల్సింది" అన్నారాయన.

"ముందు భోంచెయ్యండి" అన్నాను.