ఎవరూ తట్టని వీపు

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మా ఊరి బడికి బద్వేలు నుంచి ఒక డ్రిల్లు టీచరమ్మ బదిలీ అయి వచ్చింది. సాయంత్రాలు ఆడపిల్లలకు ఖోఖో నేర్పడం మొదలుపెట్టింది. మాది నేతపని ఇల్లు. నాన్న మగ్గం గుంటలో ఉంటే అమ్మ పడుగు చూసుకునేది. నేను బడి నుంచి రాగానే రాట్నం తిప్పి కండెలకు నూలు చుట్టాలి. కాళ్లావేళ్లా పడితే గానీ అమ్మ ఆటకు ఒప్పుకోలేదు.

తీరా వెళితే ఏముంది, వరుసలో గొంతుక్కూర్చోవడం! తరిమే పిల్ల వెనక నుంచి వచ్చి వీపు తట్టి ‘ఖో’ అంటేనే మనం లేచి పరుగెత్తాలి. అనకపోతే కూర్చోవడమే. మా జట్టు నాయకురాలు ఒక పెద్దరైతు కూతురు. ఆ మహాతల్లికి ముగ్గురు స్నేహితురాళ్లు. ఖో ఆ నలుగురి మధ్యనే తిరిగేది. మా వీధి పిల్లలం మధ్యలో పాతిన గుంజల్లా ఉండేవాళ్లం. నాకు ఒళ్లు మండిపోయేది.

“ఏం ఆడినావే ఈపొద్దు?” అని అమ్మ ఒకరోజు అడిగింది.

“కూసున్నా.” నోరు జారాను.

“కూసునేదానికి ఆడిదాకా పోవాల్నా? ఇంట్లో కూసో, కండెలన్నా అయితాయి.” పడుగు సరిచేస్తూ మళ్లీ అంది: “రేపొచ్చి సూస్తా. ఒక్కసారన్నా లేచినావా, సరే. లేదంటే ఇంక ఆట లేదు, రాట్నమే.”

అన్నంత పనీ చేసింది. మరుసటి రోజు ఆట సగంలో ఉండగా వచ్చి, నాకు ఎదురుగా కానుగ చెట్టు కింద నిలబడింది. వెనక అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా నేను వీపు బిగబట్టుకునేదాన్ని. అడుగులు నన్ను దాటిపోయేవి. ఖో ఇంకెవరికో పడేది. అమ్మ ఒకసారి పొద్దు వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది.

“ఇంక కొంచేపే,” అని టీచరమ్మ కేకేసింది.

అప్పుడే అవతలి జట్టు పిల్ల పరుగెత్తలేక రొప్పుతూ సరిగ్గా నా ముందుకొచ్చి ఆగింది. ఆమెను తరుముతున్న మా నాయకురాలు నా వెనకే ఉంది.

“ఖో అను,” అన్నాను.

“గమ్మునుండు,” అని ముందుకు పోయింది.

కోపం ఆపుకోలేకపోయాను. లేచాను. రెండు అంగల్లో ఆ పిల్లను పట్టేసుకున్నాను. ఈల మోగింది. అందరూ నన్నే చూస్తున్నారు.

టీచరమ్మ దగ్గరికొచ్చింది. “ఖో అనకుండా ఎందుకు లేచినావు?”

“ఎప్పుడూ అనరు టీచరమ్మా. ఇంకెప్పుడు లేయాల నేను?”

ఆమె వరుస వైపు తిరిగింది. “ఈ వారంలో ఒక్క ఖో కూడా రానోళ్లు చేతులెత్తండి.”

మా వీధి పిల్లల చేతులన్నీ లేచాయి. టీచరమ్మ ఆ చేతులు లెక్కపెట్టింది. “రేపట్నుంచి అందరికీ ఒకసారి అన్నాకనే ఎవరికైనా రెండో ఖో,” అంది.

“అట్లయితే ఓడిపోతాం టీచరమ్మా,” అంది నాయకురాలు.

“ఓడిపోండి. అందరూ ఆడి ఓడిపోండి.”

సంతోషంతో కానుగ చెట్టు వైపు తిరిగాను. అమ్మ లేదు. నేను తప్పాట ఆడడం, ఈల మోగడం చూసి, సిగ్గుపడి వెళ్లిపోయిందనుకున్నాను. అందరికీ ఖో వచ్చే ఆట రేపు మొదలవుతుంటే నేను రాట్నం ముందు ఉంటాను. కాళ్లీడ్చుకుంటూ ఇంటికి పోయాను.

అమ్మ నా రాట్నం తానే తిప్పుతోంది.

“అమ్మా, అది లెక్కలోకి రాదు. వాళ్లు ఖో అనలేదు, నేనే...”

“సూసినా,” అంది తలెత్తకుండా. “వాళ్లు లేపితే లేచినావో, నువ్వే లేచినావో నాకేల. లేచినావు గదా.”

తెగిన పోగు ముడివేసి మళ్లీ రాట్నం అందుకుంది. “రేపు పొద్దున్నే లేచి కండెలు సుట్టేసి, మాపటేల ఆటకు పో,” అంది.